‘లార్డ్’ ఇంట్లో రొట్టె

ఇంగ్లిష్ దొరగారి ‘లార్డ్’ బిరుదును విప్పి చూస్తే రొట్టె కనిపిస్తుంది. పాత ఇంగ్లిష్‌లో అది ‘హ్లాఫ్‌వేర్డ్’, అంటే రొట్టెకు కాపలాదారు. ‘లేడీ’ కూడా ‘హ్లేఫ్‌డీగె’యే, అంటే రొట్టెపిండి పిసికే ఆవిడ. రెండింటిలోని ‘హ్లాఫ్’కు మూలం ప్రోటో-జర్మానిక్ ‘*హ్లైబజ్’. ముందున్న చుక్క గుర్తుకు అర్థం, ఈ రూపం ఏ రాతలోనూ దొరకలేదని. 4వ శతాబ్దపు గోతిక్ బైబిల్లోని ‘హ్లైఫ్స్’ లాంటి తోబుట్టువులను పోల్చి పండితులు దాన్ని పునర్నిర్మించారు.

ఇంగ్లిష్ ‘లోఫ్’, జర్మన్ ‘లైబ్’ దాని సొంత వారసులు. రష్యన్ ‘ఖ్లేబ్’, ఫిన్నిష్ ‘లేయిపా’ మాత్రం ఇరుగుపొరుగు అరువులు. ఇక ‘డీగె’లోని పిండి పిసికే ధాతువు, సంస్కృత ‘దిహ్’ ఒకే ఇండో-యూరోపియన్ మూలానివి. మనం రోజూ వాడే ‘దేహం’ ఆ ‘దిహ్’ నుంచే పుట్టింది.