అసంపూర్ణతా సిద్ధాంతాల యాంత్రిక నిరూపణ

కుర్ట్ గోడెల్ 1931లో ప్రచురించిన రెండు అసంపూర్ణతా సిద్ధాంతాలను, తర్కంలోని ప్రతి మెట్టునూ కంప్యూటర్ సరిచూసేలా ప్రూఫ్ అసిస్టెంట్లలో తిరిగి నిరూపించే ప్రక్రియ. మొదటి సిద్ధాంతాన్ని నటరాజన్ శంకర్ 1986లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో బాయర్-మూర్ ప్రూవర్‌తో సాధించారు. అదే సిద్ధాంతానికి రసెల్ ఓకానర్ కాక్ అనే ప్రూఫ్ అసిస్టెంట్‌లో చేసిన నిరూపణ 2005లో వెలువడింది.

ఈ పనిలో శ్రమంతా కాగితంపై ఒక్క వాక్యంతో దాటేసే వివరాల దగ్గరే ఉంటుంది: సూత్రాలను సంఖ్యలుగా సంకేతీకరించడం, చరరాశుల బంధనం చెడకుండా ప్రతిక్షేపణ జరపడం. రెండో సిద్ధాంతం మరింత కఠినం. నిరూప్యతకు సంబంధించిన నియమాలను ఆ తార్కిక వ్యవస్థ లోపలే నిరూపించాలి. పాఠ్యగ్రంథాలు సాధారణంగా వదిలేసే భాగమిది. రెండో సిద్ధాంతపు నిరూపణను లారెన్స్ పాల్సన్ 2013లో ఇసాబెల్ అనే ప్రూఫ్ అసిస్టెంట్‌లో పూర్తిచేశారు. అంకగణితానికి బదులు, మూలకాలూ వాటి మూలకాలూ అన్నీ పరిమితమైన సమితుల సిద్ధాంతాన్ని ఆధారంగా తీసుకోవడంతో సంకేతీకరణకు ప్రధాన సంఖ్యల లెక్కలు అవసరపడలేదు.