డెన్మార్క్ రాజు సంతకం, డెల్టా అయ్యగారి డిగ్రీ

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల చర్చి లేని ఊరు కావాలంటే వెతుక్కోవాలి. అక్కడ ఆదివారం ప్రసంగం చెప్పే అయ్యగారి పేరు పక్కన బి.టిహెచ్. అనో, బి.డి. అనో కనిపిస్తే ఇప్పుడెవరూ ఆగి చూడరు. పెళ్లి శుభలేఖల్లో, సువార్త సభల ఫ్లెక్సీల మీద ఆ అక్షరాలు మామూలైపోయాయి. కానీ బైబిలు చదువుకు డిగ్రీ అన్నది ఈ డెల్టాకు తిన్నగా రాలేదు. ఒక కరవు, ఒక డెన్మార్క్ రాజు, బెంగాల్లో చేసిన ఒక చట్టం, చివరికి ఒకరి బాప్తిస్మం ఒకరికి సరిపడని రెండు సంఘాలు ఒకే క్లాసులో కూర్చోవడం, ఇన్ని జరిగాక వచ్చింది.

ముందు వచ్చింది అవసరం. 1876-78 నాటి కరవులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కూలీలకు పని చూపించాడు. ఆయన పడవెక్కక ముందు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు, కొలతలు తెలుసు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు తగ్గాక జనం ఆగలేదు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఈ అంకెను మన చర్చిల్లో ఇప్పటికీ గర్వంగా చెబుతారు. మర్నాటి పొద్దున మిషన్ బంగళాలో పుట్టిన ప్రశ్నను మాత్రం తక్కువ మంది తలుస్తారు. ఇంతమందికి పాఠం చెప్పేదెవరు? వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని వాళ్లు. ఒక ఊళ్లో నలభై ఇళ్లు క్రైస్తవులైతే, ఆ నలభై ఇళ్లలో అక్షరం ముక్క వచ్చినవాడు ఒక్కడైనా ఉంటాడన్న నమ్మకం లేదు.

దానికి జవాబు అప్పటికే సముద్రం ఒడ్డున చిన్నగా మొదలై ఉంది. 1872లో రామాయపట్నంలో బాప్టిస్టులు సెమినరీ తెరిచారు. సెమినరీ అంటే ఇప్పటి కాలేజీ బొమ్మ ఊహించుకోకూడదు. వచ్చినవాళ్లు కుర్రాళ్లు కారు, పెళ్లాం బిడ్డలున్న మగవాళ్లు. సంసారాలతో సహా వచ్చి ఉండేవాళ్లు. భార్యలకూ చదువు చెప్పేవారు, ఎందుకంటే ఊళ్లో ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పవలసింది వాళ్లే. చదవడం, రాయడం, పాత నిబంధన, కొత్త నిబంధన, ప్రసంగం చెయ్యడం, కొంచెం లెక్కలు. చదువు పూర్తయితే డిగ్రీ లేదు, ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్లో పగలు బడి, సాయంత్రం ప్రార్థన, రెండింటికీ ఒకే మనిషి. బాపట్లలో బాప్టిస్టు మిషన్ నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను కూడా ఈ లెక్కలోనే చూడాలి. పంతులుకూ పాస్టరుకూ మధ్య గీత అప్పట్లో చాలా పల్చన.

ఇటు గుంటూరులో లూథరన్ల కథ ఇంకా పాతది. 1842 జులై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు చేరాడు. కలెక్టరు స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. 1885లో మొదలైన లూథరన్ కాలేజీయే మనం ఏ.సి. కాలేజీ అని పిలుచుకునే ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ. క్రైస్తవ కాలేజీ కదా, అక్కడ బైబిలు డిగ్రీ ఇచ్చేవారనుకుంటారు చాలామంది. ఇవ్వలేదు. అక్కడ చదివినవాడు తీసుకున్నది యూనివర్సిటీ ఇచ్చే మామూలు పట్టా. బైబిలు పాఠం ఉండేది, కానీ పట్టా దానికి కాదు. అయ్యగారు కావాలనుకున్నవాడు రాజమండ్రి వెళ్లి లూథర్‌గిరి సెమినరీలో చదవాలి. ఆడవాళ్లకు రాజమండ్రిలోనే షార్లెట్ స్వెన్సన్ పేరున వేరే బైబిల్ ట్రైనింగ్ స్కూలు ఉండేది.

ఇక్కడే మన మూడు ఊళ్ల భూగోళం అక్కరకొస్తుంది. మిషన్లు ఒకరి పొలంలోకి ఒకరు రాకూడదని ఒప్పందాలు చేసుకుని జిల్లాలను పంచుకున్నాయి. తెనాలి, రేపల్లె వైపు ప్రధానంగా లూథరన్లకు, బాపట్ల వైపు ప్రధానంగా బాప్టిస్టులకు దక్కాయి. కాబట్టి రేపల్లె కుర్రాడు బోధకుడు కావాలనుకుంటే ఉత్తరాన రాజమండ్రికి పోవాలి. బాపట్ల కుర్రాడైతే దక్షిణాన రామాయపట్నానికి. ఇద్దరి ఊళ్లకీ మధ్య ఒక పూట ప్రయాణం. ఇద్దరూ చదివే బైబిలు ఒకటే, పాడే కీర్తనల్లో సగం ఒకటే. అయినా ఒకరు పసిబిడ్డకు నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తారు, ఇంకొకరు నమ్మిక చెప్పగలిగే వయసొచ్చాక నిలువునా నీళ్లలో ముంచితేగాని ఒప్పుకోరు. ఒకరి చదువు ఒకరికి చెల్లదు. డిగ్రీ అనేది ఉంటే కదా చెల్లడానికి!

ఆ డిగ్రీ ఇచ్చే అధికారం దేశంలో ఒక చోట ఉంది. ఉన్నా, వాడకుండా మూలన పడి ఉంది.

కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్ డెన్మార్క్ వాళ్ల చేతిలో ఉన్న చిన్న పట్నం. ఈస్టిండియా కంపెనీ తన నేల మీద మిషనరీలను సహించని రోజుల్లో బాప్టిస్టు మిషనరీ విలియం కేరీ 1800లో అక్కడికి చేరాడు. తోటి మిషనరీలు మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి అచ్చుకూటం పెట్టాడు. కేరీ మనకు పూర్తిగా పరాయివాడేం కాదు. 1814లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన మనిషి, 1818లో తెలుగు కొత్త నిబంధనను వెలువరించిన అచ్చుకూటం యజమాని. ఆ 1818లోనే ముగ్గురూ కలిసి శ్రీరాంపూర్ కాలేజీ పెట్టారు. క్రైస్తవులతో పాటు హిందూ పిల్లలనూ చేర్చుకున్నారు, సంస్కృతంతో పాటు పాశ్చాత్య విజ్ఞానం కూడా చెప్పించారు. తరవాత మార్ష్‌మన్ యూరప్ వెళ్లినప్పుడు కోపెన్‌హాగెన్‌లో అర్జీ పెట్టాడు. 1827 ఫిబ్రవరి 23న డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ రాజశాసనం మీద సంతకం చేశాడు. కోపెన్‌హాగెన్, కీల్ విశ్వవిద్యాలయాలతో సమానంగా డిగ్రీలిచ్చే హక్కు ఈ కాలేజీకి దక్కింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టడానికి ఇంకా 30 ఏళ్లుంది.

1845లో డెన్మార్క్ వాళ్లు శ్రీరాంపూర్‌నూ, దక్షిణాన తమకున్న తరంగంబాడినీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు బ్రిటిష్ వాళ్లకు అమ్మేశారు. పట్నం చేతులు మారింది, కాలేజీ హక్కు మాత్రం ఒప్పందంలో రాసి మరీ కాపాడారు. ఎవరు పట్టుబట్టి ఆ వాక్యం రాయించారో గాని, భారతదేశంలో బైబిలు డిగ్రీ అనేది ఈరోజు ఉందంటే ఆ ఒక్క వాక్యం పుణ్యమే. తమాషా ఏమిటంటే, అంత కష్టపడి కాపాడుకున్న హక్కును వాళ్లు వాడనే లేదు. కలకత్తా విశ్వవిద్యాలయం వచ్చాక శ్రీరాంపూర్ దాని కింద మామూలు కాలేజీలా నడిచింది. 1906లో వచ్చిన జార్జ్ హవెల్స్ అనే ప్రిన్సిపాల్ ఆ పాత కాగితాన్ని బయటికి తీశాడు. 1910లో పైస్థాయి దైవశాస్త్ర తరగతులు మొదలయ్యాయి. 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇచ్చారు. రాజు సంతకం పెట్టిన 88 ఏళ్లకు!

హవెల్స్ నాటి అసలు ముందుచూపు 1918 నాటి చట్టంలో ఉంది. శ్రీరాంపూర్ బాప్టిస్టులది. తమ కాలేజీ తామే నడుపుకుంటూ, తమవాళ్లకే పట్టాలిచ్చుకుంటూ కూర్చోవచ్చు. అలా చెయ్యకుండా బెంగాల్ శాసన మండలి ద్వారా చట్టం చేయించి, వేర్వేరు సంఘాల ప్రతినిధులతో సెనేట్ అనే సభను ఏర్పరచారు. దేశంలో ఏ మూల ఉన్న సెమినరీ అయినా సెనేట్‌కు అనుబంధంగా చేరి, అదే పాఠ్యప్రణాళిక చెప్పి, అదే పరీక్ష రాయించి, అదే పట్టా ఇప్పించవచ్చు. లూథరన్ అయినా, ఆంగ్లికన్ అయినా, మెథడిస్టు అయినా. బాప్తిస్మం దగ్గర కుదరని సయోధ్య పరీక్ష పేపరు దగ్గర కుదిరింది.

అయినా తెలుగు నేలకు అది వెంటనే అందలేదు. బి.డి. అంటే ఇంగ్లీషు చదువు. గ్రీకు, హీబ్రూ చదవాలి, పాత నిబంధనను చరిత్రగా, సాహిత్యంగా పరిశీలించాలి. పల్లె సంఘానికి కావలసినవాడు వేరు. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య ఈ సంగతి అందరికన్నా బాగా పట్టుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన ఆయన, పల్లెలో పొలం పనుల మధ్య పని చెయ్యగల పాస్టర్లను తెలుగులోనే తయారు చెయ్యడం మీద దృష్టి పెట్టాడు. శ్రీరాంపూర్ సెనేట్ కూడా దేశభాషల్లో చదివేవాళ్ల కోసం ఎల్.టిహెచ్. అనే మెట్టు కట్టింది, ఆపైన బి.టిహెచ్. వచ్చింది. నా దృష్టిలో ఈ కథలో పెద్ద మలుపు బి.డి. కాదు, ఇదే. ఇంగ్లీషు రాని బోధకుడు కూడా విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న కాగితం పట్టుకోగలిగాడు.

స్వాతంత్ర్యం వచ్చాక లెక్కలు మారాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు మొదలైనవాళ్లు అందులో కలిశారు. లూథరన్లు, బాప్టిస్టులు కలవలేదు. ఇటు విదేశీ మిషనరీలు ఒక్కొక్కరుగా తిరిగి వెళ్తున్నారు, మిషన్ డబ్బు సన్నగిల్లుతోంది. డిగ్రీ స్థాయికి తగ్గ అధ్యాపకులను, గ్రంథాలయాన్ని రామాయపట్నం ఒక్కటే పోషించలేదు, రాజమండ్రి ఒక్కటే పోషించలేదు. ప్రపంచమంతటా ఇదే ఇబ్బంది. 1958లో ఘనాలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ సభలో 40 లక్షల డాలర్లతో ఒక దైవశాస్త్ర విద్యా నిధి పెట్టారు, అందులో సగం రాక్‌ఫెల్లర్ డబ్బు. ఆసియా, ఆఫ్రికాల్లో సెమినరీలు విడివిడిగా కునారిల్లడం కన్నా కలిసి బతకడం మేలన్న గాలి అప్పుడు గట్టిగా వీచింది.

ఆ గాలిలో 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల పుట్టింది. దోర్నకల్ యూనియన్ కాలేజీ, కాకినాడ బాప్టిస్టు సెమినరీ, రామాయపట్నం సెమినరీ, లూథర్‌గిరి, నాలుగూ ఏకమయ్యాయి. రేపల్లె లూథరన్ కుర్రాడు, బాపట్ల బాప్టిస్టు కుర్రాడు మొదటిసారి ఒకే బల్ల మీద కూర్చుని పౌలు పత్రికలు చదివారు. వాళ్ల సంఘాలు ఈనాటికీ కలవలేదు. చదువు మాత్రం వాళ్లను అరవై ఏళ్ల కిందటే కలిపింది. దీన్ని మన క్రైస్తవ చరిత్రకారులు చెప్పవలసినంత గట్టిగా చెప్పలేదని నాకనిపిస్తుంది. డిగ్రీ కోసం అయ్యిందా, ఐక్యత కోసం అయ్యిందా అని ఎవరైనా అడిగితే, డిగ్రీ కోసమే మొదలైందని చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు.

1973లో కాలేజీ హైదరాబాదుకు, లోయర్ ట్యాంక్‌బండ్ పక్కకు మారింది. డెల్టా నుంచి చూస్తే ఇది దూరమే, కాని రేపల్లెలో రైలెక్కితే తెనాలి మీదుగా హైదరాబాదు. అప్పటి రాజధానిలో ఉండటం వల్ల మిగతా విశ్వవిద్యాలయాల గాలి తగిలింది. పాత నిబంధన పండితుడు విక్టర్ ప్రేమసాగర్ వంటివారు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన తరవాత మెదక్ బిషప్, దక్షిణ ఇండియా సంఘానికి మోడరేటర్ అయ్యారు. చదువులో బైబిలుతో పాటు సంఘచరిత్ర, నీతిశాస్త్రం, హిందూ, ఇస్లాం మతాల పరిచయం ఉంటాయి. బయటివాళ్లు బైబిల్ కాలేజీ అంటే పొద్దస్తమానం ప్రసంగాలే అనుకుంటారు. గ్రీకు క్రియాపదాల పట్టిక బట్టీ పట్టినవాణ్ని అడిగితే తెలుస్తుంది.

ఇదంతా అనవసరమన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లు చిన్న గుంపు కాదు. సువార్తికుడు బక్త్ సింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను సహవాసాన్ని స్థాపించినప్పుడు సేవకులకు పట్టా పెట్టలేదు. కలిసి ఉంటూ, కలిసి తింటూ, వంట చేస్తూ, ప్రార్థిస్తూ నేర్చుకోవడమే అక్కడి చదువు. గుంటూరు జిల్లాలో ఆ సహవాసాలకు బలం ఎక్కువ. పట్టా ఉన్న అయ్యగారి కన్నా పట్టా లేని సహోదరుడి ప్రసంగానికే జనం ఎక్కువ వచ్చిన ఊళ్లు ఇక్కడ కొల్లలు. ఆ మాట నిజమే, అయితే పల్లె నుంచి వచ్చిన దళిత యువకుడికి చదువు, భాష, నలుగురిలో నిలబడే ధైర్యం ఇచ్చింది ఆ సెమినరీ గదే అన్న మాటా అంతే నిజం. ఆడపిల్లల విషయంలో సంఘాలు ఇంకా నెమ్మది. డిగ్రీ చదవనిచ్చారు గాని, ఆంధ్ర లూథరన్ సంఘం స్త్రీలను పాస్టర్లుగా అభిషేకించడానికి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా పట్టింది.

ఇప్పుడు డెల్టా రోడ్ల మీద బైబిల్ కాలేజీ బోర్డులు చాలానే కనిపిస్తాయి. కొన్ని సెనేట్ దారిలో ఉన్నాయి. కొన్ని 1970లో ఏర్పడిన ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపుతో నడుస్తున్నాయి. దాన్ని సంఘాలు, ఇతర సెమినరీలు గౌరవిస్తాయి, కాని అది చట్టం ఇచ్చిన విశ్వవిద్యాలయ హోదా కాదు. కొన్నింటికి ఏ దారీ లేదు, గోడ మీద ఫ్రేమే ఉంది. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, ఆ హోదా పొందినవాటికే. శ్రీరాంపూర్‌కు 1918 చట్టం ఉంది. అందుకే కొడుకునో కూతురునో బైబిల్ కాలేజీలో చేర్చబోయే తండ్రి, ఫీజు ఎంతని అడిగే ముందు పట్టా మీద ఎవరి సంతకం ఉంటుందో అడగాలి. ఉద్యోగం మానలేని తెనాలి టీచరమ్మకూ దారి ఉంది. సెనేట్ వారి బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్ దూరవిద్యలో, ఇంట్లోనే చదువుకోవచ్చు. దాని కోసం పాస్టరు కానక్కర్లేదు, రైలెక్కనక్కర్లేదు.