పళ్ల మీద మరకల నుంచి మన టూత్‌పేస్ట్ దాకా: ఫ్లోరైడ్ అసలు కథ

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడతాను.

బీటెక్‌లో నా రూమ్మేట్‌ది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. వాడి పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉండేవి. "ఏంట్రా మామా, బ్రష్ చేయవా?" అని అందరి ముందూ ఏడిపించేవాణ్ణి. వాడు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నిజానికి వాడు రోజుకి రెండుసార్లు తోముకునేవాడు. నేను ఒక్కసారే, అదీ క్లాసుకి లేటవుతుంటే హడావిడిగా. ఆ మరకల వెనకున్న చరిత్ర చదివాక చాలా సిగ్గేసింది.

1901, అమెరికా. ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్ట్ కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో ప్రాక్టీస్ పెట్టాడు. చూస్తే, అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి ఇలాంటి మరకలే! 1909లో జి.వి. బ్లాక్ అనే పేరున్న డెంటల్ రీసెర్చర్ కూడా వచ్చి కలిశాడు. వాళ్లకి రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, చిన్నప్పుడు చిగుళ్ల లోపల పన్ను తయారయ్యే టైమ్‌లోనే ఈ మరక పడుతుంది. అంటే ఎంత తోమినా పోదు. రెండోది ఇంకా విచిత్రం: మరకలున్న పళ్లు అంత తేలిగ్గా పుచ్చట్లేదు.

మెకేకి నీళ్ల మీద డౌట్. కానీ అప్పటి టెస్టుల్లో ఏమీ దొరకలేదు. బాక్సైట్ అనే ఇంకో ఊళ్లోనూ ఇవే మరకలు కనిపించాయి. 1931లో చర్చిల్ అనే కెమిస్ట్ ఆ ఊరి నీళ్లు కొత్త పద్ధతిలో పరీక్షిస్తే దొంగ దొరికాడు. అదే ఫ్లోరైడ్. తర్వాత ట్రెండ్లీ డీన్ లెక్క తేల్చాడు: లీటరు నీళ్లలో సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే పుచ్చు తగ్గుతుంది, మరకలు పెద్దగా రావు. 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలో ఆ లెక్క ప్రకారం నీళ్లలో కలిపారు. 1956కల్లా ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ అమెరికా అంతటా షాపుల్లోకి వచ్చేసింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ జబ్బుని డాక్టర్లు రిపోర్ట్ చేశారు. ఇక్కడ నీళ్లలో మోతాదు ఎక్కువ. అది పళ్లతో ఆగలేదు, ఎముకల దాకా వెళ్లింది. నల్గొండలోనూ అదే గోస. బోరు నీళ్లు తాగి నడుములు వంగిపోయాయి, పిల్లల కాళ్లు వంకర్లు పోయాయి. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి పేరే 'నల్గొండ టెక్నిక్'. ఒక జిల్లా పేరు ప్రపంచానికి ఇలా తెలియడం బాధే కదా.

మరి పేస్ట్‌లో ఫ్లోరైడ్ ఎందుకు? బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరని యాసిడ్ చేస్తుంది. ఆ యాసిడ్ పన్ను పైపొరలోని ఖనిజాల్ని లాగేస్తుంది. ఫ్లోరైడ్ వాటిని మళ్లీ చేరనిస్తుంది. పేస్ట్ మింగం, ఉమ్మేస్తాం, అందుకే ఇబ్బంది లేదు. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వాళ్లకి బఠాణీ గింజంత చాలు. మనం రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకుంటే సరి.

చివరికి నా సంగతి. తెల్లటి పళ్లు నావి, రూట్ కెనాల్ చేయించుకున్నదీ నేనే! పుచ్చు మొదట్లో నొప్పి పెట్టదు. నొప్పి వచ్చేసరికి అది లోపలికి దిగిపోయి ఉంటుంది. ముందే చూపించుకుని ఉంటే చిన్న ఫిల్లింగ్‌తో పోయేది. పంటి రంగు చూసి లోపల ఎలా ఉందో చెప్పలేం. అందుకే నొప్పి లేకపోయినా చెకప్‌కి వెళ్లండి.

మొన్న వాడికి ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఇప్పుడు ఎవరు బ్రష్ చేయట్లేదు రా?" అని నవ్వాడు. వీడియో కాల్‌లో, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

మీ క్లాసులోనూ అలాంటి ఫ్రెండ్ ఉంటే జోకులు ఆపి, ఈ కథ చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.