పచ్చబొట్టు: దేహశాసనముల చరిత్ర

శాసనపరిశోధకులు శిలలను, రాగిఱేకులను, దేవాలయస్తంభములను వెదకి పూర్వచరిత్రను జాలవఱకు వెలికిఁ దెచ్చిరి. కాని గుఱుతులు నిలుపుటకు మనుష్యుఁ డుపయోగించిన మిక్కిలి పురాతనములైన యాధారములలో నొకదానిని సాహిత్యచరిత్రకారులు తఱచుగా లెక్కింపరు. అది మనుష్యుని చర్మము. శిల వేలయేండ్లు నిలుచును. తామ్రపత్రము భూమిలో దాఁగియైనను మిగులును. చర్మముపై వ్రాసినది దానిని ధరించినవారితోడనే సాధారణముగా నశించును. అందుచేత నీ చరిత్రకు సాక్ష్యము లల్పములు. ఉన్న సాక్ష్యములలోఁ బెక్కులు ధరించినవారు చెప్పినవి గాక, చూచినవారు చెప్పినవి. కావున నీ వ్యాసమునఁ బచ్చబొట్టును శాసనముగానే భావించి పరిశీలింపఁ దలఁచితిని. శాసనమును జదువునపుడు వ్రాయించినవా రెవరు, ధరించినవా రెవరు, చదువవలసినవా రెవరు అని విచారింతుము. ఆ మూఁడు ప్రశ్నలే యిచ్చటను మార్గదర్శకములు.

మొదటఁ బదవిచారము. తెలుఁగున దీనిని పచ్చబొట్టనియు, తమిళమునఁ బచ్చై యనియు, కన్నడమున హచ్చె యనియు నందురు. ప్రాచీనపకారము కన్నడమున హకారమగుట పండితు లెఱిఁగినదే. పాలు హాలైనట్లు పచ్చె హచ్చె యైనది. అనఁగా నీ మూఁడు సోదరభాషలును ఈ గుఱుతునకు దాని రంగునుబట్టియే పేరు పెట్టినవి. హిందీవారి గోద్నా పొడుచుట యను క్రియనుండి పుట్టినది. గ్రీకుల స్టిగ్మాయు నట్టిదే. చీనావారు దీనిని శిక్షగా విధించి మో, అనఁగా సిరా, యని వ్యవహరించిరి. జపానువారి ఇరెజుమి యనుమాటకు సిరాను లోనికిఁ జొప్పించుట యని యర్థము. తహితి ద్వీపమందలి టటౌ యను శబ్దమునుండి ఇంగ్లీషువారి టాటూ పుట్టినది. ఇట్లు కొన్ని జాతులు క్రియను, కొన్ని ద్రవ్యమును, మనవారు ఫలమును జూచి పేరు పెట్టిరి.

పొడుచునది నల్లని మసి కాఁగాఁ బచ్చ యని యేల యందురు? పైచర్మము నిత్యము రాలి క్రొత్తదగుచుండును గనుక దానిలోఁ జేరిన రంగు నిలువదు. సూది దానిని దాఁటి లోపలిపొరకుఁ బోవలెను. అచ్చట శరీరరక్షకములైన కణములు మసిరేణువులను మ్రింగి, జీర్ణించుకొనలేక, తమలోనే నిలుపుకొనును. ఒక కణము చచ్చినచో నది విడిచిన రేణువులను మఱియొకకణము గ్రహించునని 2018వ సంవత్సరమున నెలుకలపై జరిగిన పరిశోధనవలనఁ దేలినది. ఆ నల్లదనము పైపొరలగుండఁ గనఁబడునపుడు, వెలుఁగు చెదరుటచేత నీలిపచ్చఛాయను బొందును. కావున మన పూర్వులు పెట్టిన పేరు కంటికిఁ గనఁబడినదానిని యథాతథముగాఁ జెప్పుచున్నది.

ఇఁక సాక్ష్యములు. 1991వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, ఆస్ట్రియా ఇటలీదేశముల పొలిమేరయందలి ఆల్ప్సుపర్వతములపై మంచులోఁ గప్పఁబడిన యొక పురుషుని శరీరము దొరకినది. అతఁడు సుమారు క్రీ. పూ. 3350-3100 నడుమ జీవించినవాఁడు. దొరకిన తావునుబట్టి యతనికి ఓట్జి యని పేరు పెట్టిరి. అతని దేహముపై 61 గుఱుతులు గలవని 2015వ సంవత్సరమున నిర్ణయించిరి. అవి చిత్రములు గావు. ఎక్కువభాగము సమానాంతరముగా నున్న చిన్నగీఁతలు, కొన్ని అడ్డగీఁతలు. వీనిలోఁ బెక్కులు నడుము, మోఁకాలు, చీలమండ మొదలగు తావులయం దున్నవి. అతని కీళ్లు కొన్ని యరిగియుండెను. అందుచేత నివి యలంకారములు గాక నొప్పికిఁ జేసిన చికిత్స యై యుండునని పలువురు పండితుల యూహ. ఆ యూహ నిజమైనచో ఈ వ్రాఁతకుఁ జదువరియే లేఁడు. అది దేహముకొఱకే చేయఁబడినది.

ఐగుప్తుదేశమున గెబెలీనునందు దొరకి, బ్రిటిషుమ్యూజియమున నూఱేండ్లకు మించి యుండిన రెండుశరీరముల కథ మఱింత బోధకము. పురుషుని చేతిపైనున్న నల్లని మఱక యేమియో యెవరును విచారింపలేదు. పరారుణకాంతితోఁ బరీక్షింపఁగా నది యొక యడవియెద్దును, కొమ్ములుగల యొక గొఱ్ఱెయు నని 2018వ సంవత్సరమునఁ బ్రకటించిరి. స్త్రీ భుజముపై వంకరగీఁతలు నాలుగు గానఁబడినవి. ఈ శరీరములును సుమారు ఓట్జికాలమునకే చెందినవి. ఐగుప్తున స్త్రీలే పచ్చబొట్లు పొడిపించుకొనుచుండిరన్న పూర్వసిద్ధాంతము దీనితోఁ గూలినది. అంతకంటెఁ జింతనీయమైన విషయ మొకటి గలదు. 1891వ సంవత్సరమున దేర్ ఎల్ బహరియందు అమునెత్ అను స్త్రీశరీరము దొరకెను. ఆమె హథోరుదేవతకు అర్చకురాలు. ఆ బిరుదు స్పష్టముగా నున్నది. అయినను ఇట్టి గుఱుతులుగల స్త్రీలను నాట్యకత్తెలుగాను భోగస్త్రీలుగాను దలఁచుట పెక్కుకాలము పండితులకు వాడుకయైనది. శాసనమును జదువలేనివారు దానిని ధరించినవారి శీలమును నిర్ణయించిరి.

గ్రీకుదేశమున నీ గుఱుతు రెండు విరుద్ధార్థములతోఁ గనఁబడును. థ్రేసుదేశీయులలోఁ బచ్చబొట్టు కులీనతకు లక్షణమనియు, అది లేకుండుట హీనత యనియు హెరొడోటసు వ్రాసెను. గ్రీకులలో నన్ననో అది పాఱిపోయిన దాసుల నుదుటను నేరస్థుల మొగమునను బొడుచు నవమానచిహ్నము. స్టిగ్మా యను మాటకు నేఁటి యూరపుభాషలలో కళంకమను నర్థము వచ్చుట దీనివలననే. ఈ మాటను బెక్కుతరముల పండితులు కాల్చిన యినుముతో వేసిన వాఁత యని తలఁచిరి. అది సూదితోఁ బొడిచిన గుఱుతే యని జోన్సుపండితుఁడు 1987వ సంవత్సరమున గ్రంథసాక్ష్యములతో నిరూపించెను. ఒక్కపదమునకు సరియైన యర్థము దొరకినతోడనే యొక శిక్షాచరిత్ర యంతయు మాఱినది.

హెరొడోటసే చెప్పిన మఱియొక కథ గలదు. పారసీకచక్రవర్తికడ నిలిచిపోయిన హిస్టియేయసు, మిలేటసునందున్న అరిస్టగొరసునకు రహస్యసందేశము పంపఁదలఁచి, నమ్మకమైన దాసుని తల గొఱిగించి, దానిపై నక్షరములు పొడిపించి, వెండ్రుకలు పెరిగినపిమ్మటఁ బంపెను. తన తల గొఱిగించి చూడుమని చెప్పుట యొక్కటియే యా దాసుని పని. క్రీ. పూ. 499వ సంవత్సరపు అయోనియావిప్లవమునకు నది ప్రేరక మైనదఁట. మన మూఁడు ప్రశ్నల కిది మంచి యుదాహరణము: వ్రాయించినవాఁ డొకఁడు, చదివినవాఁ డొకఁడు, మోసినవానికిఁ దన తలపై నేమి యున్నదో తెలియదు.

రోమకచక్రవర్తి కాన్‌స్టంటైను 316వ సంవత్సరమున నేరస్థుల మొగముపై గుఱుతు వేయఁగూడదనియు, మొగము దివ్యసౌందర్యమునకుఁ బ్రతిరూప మనియు, చేతులపైఁ గాని పిక్కలపైఁ గాని వేయవచ్చు ననియు శాసించెను. శిక్ష పోలేదు, తావు మాత్రము మాఱినది.

మన స్మృతులలోను నీ విషయము గలదు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున మహాపాతకుల నుదుట వేయవలసిన గుఱుతులు చెప్పఁబడినవి: సురాపానమునకు కల్లంగడి ధ్వజము, దొంగతనమునకుఁ గుక్కపాదము, బ్రహ్మహత్యకుఁ దలలేని పురుషుఁడు. ప్రాయశ్చిత్తము చేసికొనినవారికి లలాటాంకనము వలదనియు నందే యున్నది. అంకనమన్నంతనే పచ్చబొట్టని తలంపరాదు. వైష్ణవసంప్రదాయములందలి తప్తముద్రయు నంకనమే, కాని యది సూదిపని గాదు. గ్రీకుపదవిషయమునఁ బండితులు పొందిన భ్రమకు మనము లోనుగాకుండుట మంచిది. నిశ్చయముగా సూదితో విధింపఁబడిన శిక్ష మనదేశమునఁ గుంపినీప్రభుత్వకాలమునఁ గనఁబడుచున్నది. వంగదేశమున 1797వ సంవత్సరపు నాలుగవ రెగ్యులేషను ననుసరించి, యావజ్జీవశిక్ష పొందినవారి నుదుటఁ బేరును నేరమును మొదలగువానిని గోద్నాగాఁ బొడుచుచుండిరి. 1849వ సంవత్సరమున నీ శిక్ష రద్దైనది. గ్రామస్త్రీలు ముచ్చటగాఁ బొడిపించుకొను కళ పేరే ప్రభుత్వశిక్షకుఁ బేరగుట గమనింపఁదగినది.

చీనాదేశమున నీ శిక్ష ప్రాచీనమైన పంచదండములలో నొకటి. క్రీ. పూ. 167వ సంవత్సరమున తీయింగు అను కన్య, తన తండ్రికి విధింపఁబడిన యంగచ్ఛేదశిక్షను గూర్చి వెన్ చక్రవర్తికి విజ్ఞాపనము చేసికొనెను. ఒకసారి కోసిన యంగము మరలఁ జేరదు. అట్టి శిక్ష పొందినవాఁడు మంచివాఁడు గాఁదలఁచినను మార్గము లేదని యామె వాదము. చక్రవర్తి దాని నంగీకరించి, మొగముపైఁ బొడుచుటతోఁగూడ నట్టి శిక్షలను మాన్పించెను. తరువాతి రాజవంశములలో నది మరలఁ దలయెత్తి, 1905వ సంవత్సరమునఁ గాని తుదముట్ట రద్దు గాలేదు. జపానులో 1720వ సంవత్సరమున ముక్కుచెవులు గోయుటకుమాఱు పచ్చబొట్టు శిక్షగా వచ్చెను. అచ్చటనే పందొమ్మిదవ శతాబ్దమున వీపునిండఁ జిత్రములు పొడుచు మహాకళయు వర్ధిల్లెను. 1872వ సంవత్సరమునఁ బ్రభుత్వము స్వదేశీయులకు దీనిని నిషేధించెను. 1881వ సంవత్సరమున ఇంగ్లండురాజకుమారుఁడు, తరువాత అయిదవ జార్జియైనవాఁడు, అచ్చటనే చేతిపై నాగచిత్రము పొడిపించుకొనెను. నిషేధము 1948లోఁ దొలఁగినది.

పసిఫికుద్వీపములలో నీ వ్రాఁతకు గౌరవము సంపూర్ణము. 1769వ సంవత్సరమునఁ గుక్కునావికునితోఁ దహితిఁ జేరిన బాంక్సు దీనిని వర్ణించి వ్రాసెను. న్యూజీలండునందలి మావోరీలు సూదికిఁ బ్రతిగా నులివంటి పనిముట్టుతో మొగమునఁ జెక్కుదురు. దానికి మోకో యని పేరు. అది వంశమును, పదవిని దెలుపును. 1840వ సంవత్సరపు వైతంగిసంధిపత్రమునఁ గొందఱు నాయకులు తమ మోకోలోని రేఖలనే చేవ్రాలుగా గీసిరి. చర్మముపైనుండి కాకితముమీఁది కెక్కిన యీ రేఖలు నిజముగా శాసనములే. కాని యీ గౌరవమునకే యొక విపత్తు గలిగినది. మోకోగల శిరస్సులను యూరపువర్తకులు తుపాకులకు మాఱుగాఁ గొనఁజొచ్చిరి. 1831వ సంవత్సరమున న్యూసౌత్‌వేల్సు గవర్నరు దీనిని నిషేధించునప్పటికిఁ బెక్కు శిరస్సులు విదేశమ్యూజియములఁ జేరెను. 2003వ సంవత్సరమునుండి వానిని స్వదేశమునకు మరలించు పని ప్రభుత్వాశ్రయమున సాగినది. 2020వ సంవత్సరమున గడ్డముపై మోకో ధరించిన స్త్రీ యొకతె యా దేశమునకు విదేశాంగమంత్రిణి యయ్యెను.

ఈ చరిత్రలో మిక్కిలి దారుణమైన ఘట్టము సమీపకాలముననే జరిగినది. జర్మనీవారు 1941వ సంవత్సరమునుండి ఆష్విట్జు శిబిరమున బందీల దేహములపై సంఖ్యలు పొడిచిరి. నాలుగులక్షలకు మించిన సంఖ్యలు నమోదైనవి. పేరును దీసివేసి దానిచోట నంకెను వ్రాయుట యందలి యుద్దేశము. ఆ సంకల్పము నెఱవేఱలేదు. మిగిలి బ్రదికినవారి మనుమలు కొందఱు, ఆ సంఖ్యనే తమ చేతులపైఁ దమయిచ్ఛతోఁ బొడిపించుకొనిరి. అక్షరములు మాఱలేదు; వ్రాయించినవారు మాఱిరి; అర్థము తలక్రిందైనది.

ఇఁక మన దేశము. తెలుఁగునాట నీ కళను ఊరూర నడపినవారిలో ముఖ్యులు ఎఱుకలస్త్రీలు. సోదె చెప్పుటయు, సూదులు చేతఁబట్టి చుక్కలను, తేళ్లను, పేరులను బొడుచుటయు వారి వృత్తులు. థర్‌స్టను 1909వ సంవత్సరమున ఏడుసంపుటములుగాఁ బ్రకటించిన దక్షిణదేశజాతుల గ్రంథమున వారినిగూర్చి వ్రాసెను. రెండేండ్లకే, 1911వ సంవత్సరపు చట్టము ననుసరించి యీ జాతిని నేరస్థజాతిగాఁ బ్రకటించి, వ్రేలిముద్రలు తీయించు నధికారమును బ్రభుత్వము పొందెను. 1913లో బాపట్లప్రాంతమున స్టూవర్టుపురము వారికై స్థాపింపఁబడెను. ఆ చట్టము 1952వ సంవత్సరమునఁ గాని రద్దు గాలేదు. పరుల చేతులపై శుభచిహ్నములు వ్రాసినవారి జన్మమునకే రాజ్యము నేరచిహ్నము వ్రాసినది. సూది లేకున్నను ఇదియు నంకనమే.

1891వ సంవత్సరమున న్యూయార్కునఁ బుట్టిన విద్యుద్యంత్రము నేఁడు పట్టణములలోఁ జేతిసూది తావును ఆక్రమించినది. పాతపద్ధతి ముంజేతులు వృద్ధులయందే మిగులుచున్నవి. వానిని వ్రాసికొనుట పరిశోధకుల ధర్మము. కాని శిరస్సులు గొన్నవారి మార్గమునను, ముక్కులు గొలిచినవారి మార్గమునను గాదు. శిలను నకలు తీయుటకు శిల యనుమతి యక్కఱలేదు. ఇచ్చట శాసనమే మాటలాడఁగలదు. ఎవరు పొడిచిరి, ఎప్పుడు, ఎందుకు, దాని పేరేమి యని యడిగి, ఆమె సమ్మతించిన రేఖను, ఆమె చెప్పిన యర్థముతోఁ గూడఁ దీసికొనవలెను. రేఖమాత్రమే మిగిలి మాట పోయినచో, గెబెలీనుపురుషుని చేతిమీఁది మఱకను జూచినవారివలెనే మనము నిలువవలసివచ్చును.