తుపాకి గుళ్ళు నీళ్ళవుతాయన్నాడట!

1900 జనవరి 9. ఇప్పటి ఖూంటీ జిల్లాలో డోంబారీ కొండల దగ్గర సైల్ రకబ్ అనే గుట్ట. పైన విల్లంబులు, గొడ్డళ్ళతో ముండాలు, వాళ్ళతో ఆడవాళ్ళు, పిల్లలు. కింద కమిషనర్ ఫోర్బ్స్, డిప్యూటీ కమిషనర్ స్ట్రీట్‌ఫీల్డ్, వాళ్ళ వెంట రైఫిళ్ళ దళం. లొంగిపొమ్మన్నారు. వీళ్ళు లొంగలేదు. కాల్చారు.

ఈ కథ వచ్చినప్పుడల్లా మన హేతువాద మిత్రులు ఒకటే మాట అంటారు: "గుళ్ళు నీళ్ళవుతాయని బిర్సా చెప్పాడు, జనం నమ్మారు, చచ్చారు." ఆ నమ్మకం అబద్ధమే, ప్రాణాలు తీసే అబద్ధం. 1905లో తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద లేచిన మాజీ మాజీ తిరుగుబాటులోనూ అచ్చం ఇదే నమ్మకం. మాజీ అంటే స్వాహిలీలో నీళ్ళే!

కానీ జనం కొండెక్కింది ఆ నమ్మకం వల్లేనా? నాకు అలా అనిపించదు.

అడవి కొట్టి సాగు చేసిన వంశానిదే ఊరి భూమి అనేది ముండాల ఖూంట్‌కట్టీ పద్ధతి. జమీందార్లు, ఠీకేదార్లు వచ్చి దాన్ని కౌలు భూమిగా మార్చేశారు, పైగా వెట్టి. దీని మీద ముండా సర్దార్లు దశాబ్దాల తరబడి అర్జీలు పెట్టారు, కోర్టులకెళ్ళారు. మంత్రాలు కాదండీ, స్టాంపు కాగితాలు! ఫలితం సున్నా. బిర్సా రంగంలోకొచ్చింది ఆ తరవాతే, 1895లో. ఇంకో సంగతి మనవాళ్ళు చెప్పరు. బోంగాల పూజలు, జంతుబలులు, భూతవైద్యుల మాటలు మానెయ్యమన్నది కూడా ఈ బిర్సాయే. తనే దేవుడి దూతనన్నాడు కాబట్టి ఆయన్ని మన జాబితాలో వేసుకోలేం, అది వేరే విషయం.

చిలీలో మపూచేల సంగతి చూడండి. స్పానిష్ సేనాని వాల్దీవియా దగ్గర గుర్రాల పనిలో ఉండి ఆ సైన్యం గుట్టు తెలుసుకున్న కుర్రవాడు లౌతారో. 1553లో టుకాపెల్ దగ్గర అదే వాల్దీవియాని ఓడించాడు. వాల్దీవియా అక్కడే చచ్చాడు. గుర్రానికి విరుగుడు నేర్చుకోవచ్చు. 1900లో రైఫిల్‌కి విరుగుడు ముండాల చేతిలో లేదు. లేనిచోటే ఈ నీళ్ళ మాట పుట్టింది.

ఇక మృతుల లెక్క. ప్రభుత్వ అంకె ఇరవై దాటలేదు. అదే ఏడాది మార్చి 25న స్టేట్స్‌మన్ పత్రిక దాదాపు 400 అని రాసింది. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి, ఇంత తేడా ఉన్న ఏ వోచరునూ మేం పాస్ చేసేవాళ్ళం కాదు. గుళ్ళు నీళ్ళవుతాయన్న మాటని తనిఖీ చేసేవాళ్ళం ఈ అంకెల్నీ అంతే గట్టిగా తనిఖీ చెయ్యొద్దా?

బిర్సా ఫిబ్రవరిలో దొరికాడు. జూన్ 9న రాంచీ జైల్లో చనిపోయాడు, కలరా అన్నారు. పాతికేళ్ళు కూడా నిండలేదు. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది. ముండాల ఖూంట్‌కట్టీ హక్కుకి అందులో చోటు దొరికింది. సర్దార్లు స్టాంపు కాగితాల మీద అడిగింది అదే.