వెబ్ చిరునామాలో తెలుగు

ఉత్తరము చేరవలెనన్న చిరునామా సరిగా నుండవలెను. ఇంటర్నెట్టులోని ప్రతి పుటకును అట్టి చిరునామా యొకటి కలదు. దాని చరిత్రను మేమిచట స్థూలముగా వివరింతుము.

1994లో వెబ్ చిరునామాలకు నిబంధనలు వెలువడినపుడు ఆంగ్లాక్షరములకు, అంకెలకు, కొన్ని గుర్తులకు మాత్రమే అందు చోటు దొరకినది. 1991లోనే యూనికోడ్ తెలుగు అక్షరములకు సంఖ్యల నిచ్చియుండెను; అయినను చిరునామాలో వానికి ప్రవేశము లేకపోయెను. 2005 నాటి నిబంధనలు ఇతర లిపులకు అధికారికముగా త్రోవ తెరచినవి. లోపలి పద్ధతి మాత్రము పాతదే: 'తెలుగు' అను మూడక్షరముల మాట అచ్చట శాతపు గుర్తులతో కలిసి 54 గుర్తులగును. చిరునామాను నకలు తీసి లేఖలో నుంచినచో, తరచు ఈ గొలుసే బయటపడి చదువరిని బెదరించును.

వేరొక చిక్కు కలదు. పలుభాషల వెబ్‌సైటును నిర్మించువారు చిరునామాలోని విభాగనామమును ఒక్క ఆంగ్లపదముగా బిగించినచో, తక్కిన భాషలవారు దానినే మోయవలసి వచ్చును. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా దీనికి మంచి పరిష్కారము చూపుచున్నది. దానిని నడపు మీడియావికీలో విభాగనామములు భాషకు తగినట్లు అమర్చబడినవి. అచట 'వర్గం' అని తెలుగున వ్రాసినను, 'క్యాటగిరీ' అను మాటను ఆంగ్లలిపిలో వ్రాసినను ఒకే పుట తెరచుకొనును. పుట పేరు మార్చినపుడు పాత పేరునుండి క్రొత్తదానికి దారిమార్పు నిలుపు ఏర్పాటును కలదు.

వెబ్ నిర్మాత టిమ్ బెర్నర్స్‌లీ 1998లో మంచి చిరునామా మారరాదని వ్రాసెను. కావున పేరు పెట్టు స్వేచ్ఛ ప్రతి భాషకును ఉండవలెను. పాత చిరునామాతో వచ్చిన చదువరికి ద్వారము మూయరాదు. ఈ రెండును కలిసిననాడే తెలుగు చిరునామా నమ్మదగినదగునని మా అభిప్రాయము.