గద్వాల కోటలో చెప్పిన ఇంకో కోట కథ

గద్వాల కోట లోపలి కాలేజీలో ఇరవై ఏళ్లు చరిత్ర చెప్పాను. జపాన్ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు పెర్ల్ హార్బర్ అనేవాళ్లు. ‘‘కాదు నాయనా, అంతకు ముందే ఇంకో చోట మొదలైంది. అక్కడ మన నిజాం సిపాయిలున్నారు’’ అనేవాణ్ణి.

ఆ ఊరు మలయాలోని కోట బారు. మలయ్ భాషలో కొత్త కోట అని అర్థం. కోట అన్న మాట వాళ్లకూ మనకూ ఒకటే. 1941 డిసెంబర్ 8, అర్ధరాత్రి దాటి కాసేపటికి జపాన్ దళాలు ఆ తీరాన దిగడం మొదలుపెట్టాయి. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి ఇంకా గంటకు పైగా ఉంది. తీరంలో డోగ్రా సిపాయిలు తుపాకులు పేల్చారు. ఆస్ట్రేలియా వాళ్ల హడ్సన్ విమానాలు అవాజిసాన్ మారు అనే ఓడను తగలబెట్టాయి. ఆ విమానాలు లేచిన మైదానానికి కాపలా ఒకటో హైదరాబాద్ పదాతి దళం. అది నిజాం సొంత సైన్యం. యుద్ధం కోసం ఇంగ్లీషువాళ్ల చేతికిచ్చాడు.

మధ్యాహ్నం తిరిగేసరికి శత్రువు మైదానం అంచుకు వచ్చేశాడని పుకారు లేచింది. విమానాలు వెళ్లిపోయాయి. భవనాలకు నిప్పు పెట్టారు. కాపలా దళం చెదిరిపోయింది. దాని కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్ ఆ గందరగోళంలోనే చనిపోయాడు. యుద్ధ చరిత్రలు ఈ దళానికి ఇచ్చింది ఒకటి రెండు వాక్యాలే, అవీ చిన్నచూపుతో. అది నాకు అన్యాయంగా తోస్తుంది. ఏ విమానాల కోసం కాపలా కాశారో అవే ఎగిరిపోయాక, ఖాళీ మైదానంలో మిగిలిన సిపాయిని ఏమని తప్పుపడతాం?

ఇంకో చిక్కుంది. అదే మలయాలో 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ కూడా పోరాడి, 1942 జనవరి 7న స్లిమ్ నది దగ్గర చితికిపోయింది. పేరు చూసి మనవాళ్లనుకుంటాం. కాదు. ఆ రెజిమెంట్ మూలం నిజాం కంటింజెంట్ అయినా అప్పటికది బ్రిటిష్ ఇండియా సైన్యం. అందులో కుమావూ వాళ్లు, జాట్లు, అహీర్లు ఉండేవాళ్లు. 1945 అక్టోబర్‌లో దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది.

నిజాం ఇచ్చింది సిపాయిలనే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల 110వ వైమానిక దళానికి విమానాలు కొనిచ్చాడు. రెండో యుద్ధంలో 152వ స్పిట్‌ఫైర్ దళం హైదరాబాద్ పేరు పెట్టుకుంది. ఆస్ట్రేలియా నౌకాదళంలో నిజాం పేరుతోనే ఒక యుద్ధనౌక తిరిగింది. గద్వాల, వనపర్తి సంస్థానాలు ఏటా నిజాంకు పేష్కష్ అనే కప్పం కట్టేవి. ఆ ఖజానాలో మా నడిగడ్డ రైతు జొన్న గింజ కూడా ఉందనే నేను నమ్ముతాను.

కుమావూ వాళ్లు తమ స్లిమ్ నది కథను దాచుకున్నారు. వాళ్ల రెజిమెంట్ ఇప్పటికీ ఉంది. నిజాం సైన్యం 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యానికి లొంగిపోయింది. కోట బారు సిపాయిల కథ దాచడానికి వాళ్ల వెనక రెజిమెంట్ మిగల్లేదు. అందుకే ఏటా ఆ పాఠం రోజున బోర్డు మీద మలయా తీరం గీసి, ఆ మైదానం దగ్గర సుద్దముక్కతో హైదరాబాద్ అని రాసేవాణ్ణి.